జమిని కూర్చున్న మలుపు

పెద్దగాలి కొట్టి జీలుగు చెట్లన్నీ ఒకే పక్కకి ఒరిగిపోయిన ఏడు అది. వానలు వెనక్కి తగ్గాయి. వలిసె చేలు పూశాయి. కొండవాలు చూస్తే పసుపు ఆరబోసినట్టుంది. పొద్దున్నే దిగిన మంచు మధ్యాహ్నం దాకా లేవని రోజులు.

కొండలున్నాయి. కొండల మీద దారులున్నాయి. దారుల మీద నడిచినవాళ్ళున్నారు. నడిచినవాళ్ళందరూ వెళ్ళిపోయారు. ఒక మనిషి మాత్రం దారిలో కూర్చుండిపోయింది. ఆమె సంగతి చెబుతాను, వినండి.

పాలమెట్ట అప్పటికి పట్నం కాదు. వారానికోసారి సంత జరిగే మెట్ట, అంతే. ఆ మెట్ట నుంచి కొండల్లోకి దారులు పోయేవి. ఒక్క మనిషి పట్టే దారులు. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. వానాకాలమంతా గడ్డి ఆ దారుల్ని మింగేస్తుంది. వానలు వెళ్ళాక ఊరివాళ్ళు కత్తులు పట్టుకుని బయల్దేరి, గడ్డి కోసి, దారి తెరుస్తారు. ఎవరి నేల మీద దారి వాళ్ళే తెరవాలి.

దారి తెరవడానికి పద్ధతి ఉన్నట్టే మూయడానికీ పద్ధతి ఉంది. ముందు ప్రమాదం ఉందని తెలిసినవాళ్ళు దారికి అడ్డంగా పచ్చికొమ్మ వేస్తారు. పచ్చికొమ్మని ఎవరూ దాటరు. పెళ్ళివారు దాటరు, పీనుగుని మోసేవాళ్ళు దాటరు, దొంగలు కూడా దాటరు. ఏ ఊరి కొమ్మ ఆ ఊరిది. మామిడిపుట్టు వాళ్ళు నేరేడు కొమ్మ వేస్తారు. జోడుబండ వాళ్ళు మద్ది కొమ్మ వేస్తారు. ఎవరి కొమ్మ వాళ్ళ నేల మీదే పడాలి. పక్క ఊరి నేల మీద వేస్తే దాని అర్థం వేరు. మీరు మా ఊరు రావద్దు, మీ ముఖం మాకు చూపించవద్దు అన్నట్టు.

మామిడిపుట్టుకీ జోడుబండకీ మధ్య ఒకటే దారి. ఆ దారి మలుపులో పొడుగాటి బండ ఒకటి ఉండేది. బండకి ఇటు మామిడిపుట్టు, అటు జోడుబండ.

మామిడిపుట్టులో జమిని అనే ఆమె ఉండేది. మొగుడు పోయాడు. అడ్డాకులు కోసుకొచ్చి, విస్తర్లు కుట్టి, సంతలో అమ్ముకుని బతికేది. పొట్టి మనిషి. గట్టిగా మాట్లాడితే తనకే భయం. ఆమెకి ఒక్కతే కూతురు, దైమతి. దైమతిని జోడుబండ వాళ్ళకిచ్చింది. మలుపు తిరిగితే కూతురు ఊరు. పొద్దున వెళ్ళి, గంజి తాగి, సాయంత్రానికి వచ్చేయవచ్చు. అందుకే ఇచ్చింది.

పెళ్ళయిన ఏడే పేచీ వచ్చింది. ఆ పేచీ జమిని చేత్తోనే వచ్చింది.

అప్పుడు కూడా ఇదే కాలం. జమిని ఆకు కోసుకుంటూ బండ దాటి అటు వెళ్ళింది. జోడుబండ నేల మీద, దారికి మూరెడెత్తున, కొండతేనెటీగలు రేగి ఉన్నాయి. గద్దేదో తేనెపట్టుని తన్నినట్టుంది. అదే దారిన మనుషులు వస్తారు కదా అనుకుంది. చేతికి దొరికిన కొమ్మ విరిచి దారికడ్డంగా వేసి, ఇంటికొచ్చింది. అది నేరేడు కొమ్మ.

ఈగలు ఎటో వెళ్ళిపోయాయి. కొమ్మ ఉండిపోయింది. ఆ వేళే జోడుబండ వాళ్ళు కొత్త ధాన్యం ఎత్తుకుని మామిడిపుట్టుకి బయల్దేరారు. వాళ్ళకి ఒక్క ఈగ కనబడలేదు. తమ నేల మీద మామిడిపుట్టు వాళ్ళ నేరేడు కొమ్మ కనబడింది. కొమ్మ దగ్గర నిలబడ్డారు. కొమ్మని చూశారు. వెనక్కి తిరిగారు.

ఆ తర్వాత మూడు కోతలు అయ్యాయి. ఆ ఊరివాళ్ళు ఈ ఊరు రాలేదు. ఈ ఊరివాళ్ళు ఆ ఊరు వెళ్ళలేదు. దైమతికి కడుపు పండిందని సంతలో ఎవరో చెబితే జమినికి తెలిసింది. ఆడపిల్ల పుట్టిందని ఇంకెవరో చెబితే తెలిసింది. ఈగలున్నాయని తనే కొమ్మ వేశానని జమిని చెప్పినా ఎవరూ నమ్మలేదు. ఊళ్ళో ఆమెకి కొమ్మ జమిని అని పేరు పడింది. నీళ్ళకి వెళితే, ఒలే కొమ్మ జమిని వచ్చింది, దారి మూసుకుపోతుంది, పక్కకి తప్పుకోండి అని ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు. ఆమె కడవ నింపుకుని వచ్చేసేది.

మూడో కోతకి పెద్దలు మెత్తబడ్డారు. పాలమెట్ట సంతలో కలుసుకున్నారు. జోడుబండ పెద్ద బొంజన్న ఒక మాట అడిగాడు. కొమ్మ వేసిన చెయ్యి మా ముందుకొచ్చి మాటివ్వాలన్నాడు. జమినిని పిలిచారు. చేటలో కొర్రలు పోసి ఆమె ముందు పెట్టారు. ఆమె గింజల మీద చెయ్యి పెట్టి, జోడుబండ నేల మీద నా చేత్తో ఇంక కొమ్మ వేయను అంది. బొంజన్న తల ఊపాడు. కొత్త కొర్రలు వండుకునే కొర్రకొత్త పండగ నాడు ఊరంతా కలిసి వస్తామన్నాడు. డప్పు ముందు పెట్టుకుని వస్తామన్నాడు. ఈసారి గనక కొమ్మ కనబడితే, మా మనవల కాలానికి కూడా ఇటు చూసేది లేదన్నాడు.

పండగ రోజు వచ్చింది. జమిని తెల్లారకముందే లేచింది. ఇల్లు అలికింది. మనవరాలికి కొత్తన్నం పెట్టడానికి లేత అడ్డాకుతో చిన్న దొప్ప కుట్టింది. అరచేతిలో పట్టేంత దొప్ప. దాన్ని కొంగున కట్టి నడుముకి దోపుకుంది. వచ్చినవాళ్ళకి విస్తర్లు చాలవేమోనని మరికొంచెం ఆకు కోసుకొద్దామని మలుపు వైపు నడిచింది.

మంచు దట్టంగా ఉంది. రెండడుగుల అవతల ఏమీ కనబడని మంచు. అలవాటైన దారి కాబట్టి కాలే నడిపించింది. బండ ఇక్కడ ఉండాలి అనుకుని చెయ్యి చాపింది. బండ లేదు. ఇంకో అడుగు వేయబోయింది. కాలి కింద మట్టి జారి, కింద ఎక్కడికో పోయింది. పడిన చప్పుడు రాలేదు.

జమిని వెనక్కి కూలబడింది. చేతులతో తడిమి చూసింది. బండ పోయింది. బండతో పాటు దారి పోయింది. వానకి నానిన కొండ, పెద్దగాలికి కదిలి, పండగ దాకా ఆగి జారిపోయింది. ఇటు మామిడిపుట్టు దారి తెగింది. అటు, పెద్ద ఇల్లు పట్టేంత ఖాళీకి అవతల, జోడుబండ దారి తెగి ఉంటుంది. వాళ్ళు నిన్నటి దాకా దారి తెరిచి, గడ్డి కోసి, అంతా బాగుందని చూసుకుని వెళ్ళారు. వాళ్ళకి తెలీదు.

మంచు కదల్లేదు. దూరంగా డప్పు మొదలైంది.

ఆమె ఊళ్ళోకి పరిగెత్తింది. ఊరి పెద్ద గాసన్న ఆమెకి మరిది వరస. పండగ తలపాగా చుట్టుకుంటున్నాడు. దారి తెగిందని చెప్పింది. నవ్వాడు. మళ్ళీ ఈగలా వదినా అన్నాడు. ఆమె నవ్వలేదు. అతను తలపాగా సగంలో వదిలేసి, నలుగురిని పిలుచుకుని వచ్చాడు. చూశాడు. వంగి అంచు తడిమాడు.

ముందు మన పక్క కొమ్మ వేయండి అన్నాడు. నేరేడు కొమ్మ వేశారు. అది ఇటు నుంచి వెళ్ళేవాళ్ళని ఆపుతుంది. వచ్చేవాళ్ళు అటు నుంచి వస్తున్నారు.

అందరూ కలిసి అరిచారు. మూడుసార్లు అరిచారు. ఒక అరుపుని మంచు తినేసింది. ఒక అరుపుని లోయ తినేసింది. ఒక అరుపుని డప్పు తినేసింది. పండగ డప్పు వాయించేవాడికి ఏ అరుపైనా పండగ అరుపే.

మంచు కదల్లేదు. డప్పు ఆగలేదు.

గాసన్న తేనె తీసే తీగతాడు తెమ్మని మనుషుల్ని ఊళ్ళోకి తరిమాడు. తాడు వచ్చేసరికి వాళ్ళు వచ్చేస్తారని అతనికీ తెలుసు. వాగు వెంట చుట్టు తిరిగి వెళితే పూట పడుతుంది. తెగిన చోటుకి పైన తడిబండ ఏటవాలుగా ఉంది. దాని మీద అడ్డాకు తీగలు వేలాడుతున్నాయి. మగవాళ్ళ బరువు ఆ తీగలు ఆపవు. జమిని ఆ తీగల వైపు చూస్తోంది.

గాసన్నకి అర్థమైంది.

“వద్దు వదినా,” అన్నాడు. “నువ్వు అటు పోయి కొమ్మేశావంటే, దారి తెగిందని వాళ్ళు ఆగి చూడరు. కొమ్మ చూస్తారు, నిన్ను తలుచుకుంటారు, వెనక్కి పోతారు. మళ్ళీ రారు. నీ కూతురు ఇంక నీకు లేదు.”

“పోనీ బతికుంటారు కదా.”

“మాటిచ్చావు. గింజల మీద చెయ్యేసి ఇచ్చావు.”

జమిని డప్పు వైపు తల తిప్పింది. డప్పు ఒక మలుపు దాటింది. గుండెలో మోగుతున్నట్టుంది.

“కొమ్మ వేయనులే,” అంది.

“మరి అటెళ్ళి ఏటి చేస్తావు?”

ఆమె రెండు చేతులూ అతని ముందు చాపి చూపించింది. కత్తి లేదు, కొమ్మ లేదు. చీర బిగించింది. తీగ పట్టుకుంది.

గాసన్న ఆమెని ఆపి ఉండాల్సింది అని కొందరంటారు. ఆపితే బాగుండేదని అనేవాళ్ళు ఎప్పుడూ ఇవతలి గట్టునే ఉంటారు. అతను కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. తీగ కిర్రుమన్న చప్పుడు విన్నాడు. గోళ్ళతో బండని గీకిన చప్పుడు విన్నాడు.

మొదటి తీగ ఆగింది. రెండో తీగ ఆగింది. మూడో తీగ దాదాపు అవతలి దాకా ఆగింది. అక్కడ తెగింది.

ఏదో మెత్తటిది రాయి మీద పడిన చప్పుడైంది. గాసన్న పిలిచాడు. అవతల నుంచి మాట రాలేదు. చాలాసేపటికి, ఉన్నాను అని చిన్న గొంతు వినబడింది.

జమిని జోడుబండ నేల మీద పడింది. పక్కటెముకలు రాతి అంచు మీద పడ్డాయి. లేవబోయింది. లేవలేకపోయింది. ఊపిరి తీస్తే లోపల ఏదో గుచ్చుకుంది. దారి మధ్యలోకి పాకింది. చుట్టూ చెట్లున్నాయి. చేతికందేంత దగ్గర్లో నేరేడు కొమ్మ ఉందంటారు. ఆమె దాన్ని ముట్టుకోలేదు. కొండకి వీపు ఆనించి, లోయ వైపు కాళ్ళు చాపి, దారికి అడ్డంగా కూర్చుంది.

కూర్చున్న మనిషిని మా కొండల్లో ఎవరూ దాటరు. పడుకున్న మనిషినీ దాటరు. పచ్చికొమ్మని వేయడానికి నేల ఎవరిదో చూడాలి. కూర్చోడానికి ఎవరి నేలైనా ఒకటే.

మంచు కదల్లేదు. డప్పు ఆగలేదు. డప్పు వచ్చి ఆమె మీదే పడింది.

డప్పు కొట్టేవాడు లైకోను. దైమతి మొగుడికి తమ్ముడు. వాయిస్తూ, వెనక్కి చూసి నవ్వుతూ, ముందుకి నడుస్తున్నవాడు జమిని కాళ్ళు తగిలి తూలాడు.

“ఎవరది దారి మధ్యన?”

“నేనే బాబూ. పొద్దున్నే కల్లు పడిందా ఏటి, మనుషుల్ని తొక్కుతున్నావు.”

“అత్తా? నువ్వా? ఎదురు రావాలంటే నిలబడి రావాలి గానీ, ఇలా కూలబడి వస్తారా ఎవరైనా. లే, పద.”

“లేవను,” అంది జమిని. “నువ్వూ కూర్చో. డప్పు దించు.”

వరస ఆగింది. దారి సన్నం కాబట్టి ఒకరి వెనక ఒకరే ఉన్నారు. వెనకవాళ్ళకి ముందేం జరిగిందో కనబడదు. ఏటైంది, నడవండి, బరువులున్నాయి అని అరుస్తున్నారు. కొండ పక్కగా ఒరుసుకుంటూ బొంజన్న ముందుకొచ్చాడు. మంచులోంచి వంగి చూశాడు.

“కొమ్మ జమిని,” అన్నాడు. గొంతులో పండగ లేదు. “మళ్ళీ తెచ్చావా?”

ఆమె చేతులు చూపించింది. గోళ్ళు లేచిపోయి ఉన్నాయి. చేతుల్లో ఏమీ లేదు.

“నా చేతులు చూడు బాబూ. కొమ్మ లేదు.”

“మరి మా దారికడ్డంగా నీకేం పని?”

“ముందు దారి లేదు. బండ పోయింది.”

బొంజన్న నమ్మలేదు. మూడు కోతల కిందట ఈగలన్నావు, ఒక్క ఈగ లేదు అన్నాడు. ఇప్పుడు బండ లేదంటున్నావు, నిన్న సాయంత్రం నా మనుషులు ఆ బండ మీద కూర్చుని చుట్ట కాల్చుకుని వచ్చారు అన్నాడు. మీ ఊరికి మేం రావడం ఇష్టం లేకపోతే గాసన్నని చెప్పమను, ముసలిదాన్ని అడ్డం కూర్చోబెట్టడం ఏం మర్యాద అన్నాడు. వెనక కొందరు ఔనన్నారు. లైకోను డప్పు భుజానికెత్తుకుని, నేను చూసొస్తాను అని అడుగు ఎత్తాడు.

జమిని అతని కాలు పట్టుకుంది.

“నన్ను దాటుకుని వెళ్ళు,” అంది. “దాటగలిగితే వెళ్ళు.”

లైకోను ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచాడు. ఇటు వేయలేకపోయాడు, అటు వేయలేకపోయాడు. వెనక నుంచి ఒకరినొకరు తోసుకుంటున్నారు. ఎవరో గబుక్కున తోశారు. లైకోను చెయ్యి కొండని పట్టుకుంది. డప్పు భుజం మీంచి జారింది. జమినికి అవతల దారి మీద పడి, ఒక్కసారి మోగి, దొర్లుకుంటూ మంచులోకి వెళ్ళింది.

అందరూ విన్నారు. దొర్లిన చప్పుడు విన్నారు. దొర్లడం ఆగిపోయినట్టు విన్నారు. తర్వాత ఏమీ వినబడలేదు. ఒక మనిషి గుక్క తిప్పుకునేంత సేపు ఏమీ వినబడలేదు. ఆ తర్వాత ఎక్కడో కింద, వాగు రాళ్ళ దగ్గర, డప్పు పగిలింది.

బొంజన్న మెల్లగా కూర్చున్నాడు. లైకోను కూర్చున్నాడు. అతని వెనకవాడు కూర్చున్నాడు. కూర్చోండి, కూర్చోండి అని మాట వరస వెంట వెనక్కి పోయింది. జోడుబండ ఊరు ఊరంతా, కొత్త ధాన్యం ఒళ్ళో పెట్టుకుని, కొండకి వీపులు ఆనించి కూర్చుంది.

 వరస చివర్న ఒక పిల్ల ఏడుస్తోంది.

“దైమతి వచ్చిందా?” అని జమిని అడిగింది.

“వచ్చింది అత్తా. చివర్నుంది. పిల్ల పేచీ పెడితే వెనకబడింది.”

“పిలువు బాబూ.”

దైమతిని పంపండి, దైమతిని పంపండి అని మాట మళ్ళీ వెనక్కి పోయింది. కూర్చున్నవాళ్ళు కాళ్ళు ముడుచుకుని దారి ఇచ్చారు. దైమతి పిల్లని వీపున కట్టుకుని, ఒక్కొక్కరి భుజం పట్టుకుంటూ వస్తోంది. పిల్ల ఏడుపు దగ్గరవుతోంది. జమిని తల అటు తిప్పి వింటోంది. గొంతు గట్టిదే అంది. నడుమున దోపుకున్న కొంగు ముడి విప్పబోయింది. వేళ్ళు ముడి మీదే ఆగిపోయాయి.

దైమతి వచ్చేసరికి లైకోను వాలిపోయిన జమిని తలని తన భుజానికి ఆనించుకుని ఉన్నాడు.

తర్వాత మంచు లేచింది. ఇటు గాసన్న తీగతాడుతో నిలబడి ఉన్నాడు. అటు జోడుబండ ఊరంతా కూర్చుని ఉంది. మధ్య ఎర్రటి మట్టి గాయం, లోతు కనబడనంత. రెండు ఊళ్ళూ ఒకరినొకరు చూసుకున్నాయి. బొంజన్న లేచి, మద్ది కొమ్మ ఒకటి విరిచి, తన నేల మీద, జమిని కాళ్ళకి అవతల వేశాడు.

ఆ పండగ మామిడిపుట్టులో జరగలేదు, జోడుబండలోనూ జరగలేదు. ఆ మలుపులోనే జరిగింది. రెండు పక్కలా పొయ్యిలు పెట్టి కొత్త కొర్రలు వండారు. జమిని కొంగు ముడి విప్పితే దొప్ప నలిగిపోయి ఉంది. దైమతి దాన్ని సరిచేసి, పిల్లకి మొదటి ముద్ద అందులోనే పెట్టింది. మర్నాటి నుంచి రెండు ఊళ్ళూ కలిసి పైనుంచి కొత్త దారి తవ్వాయి. నా నేల, నీ నేల అని ఎవరూ కొలవలేదు. ఇప్పటికీ ఆ దారికి సరిహద్దు బండ లేదు.

కొందరు ఆమెని కొండదేవత అంటారు. దేవత అయితే తీగ తెగదు, ఎముక విరగదు. జమిని దేవత కాదు, మనిషి. విస్తర్లు కుట్టుకునే మనిషి. ఈ మాట నేను ఎవరితోనైనా వాదిస్తాను.

ఆ మలుపులో ఇప్పుడు ఒక రాయి ఉంది. కూర్చున్న మనిషి ఎత్తు ఉంటుంది. దానికి పసుపు రాయరు, కోడిని కోయరు. వానలు వెళ్ళి దారులు తెరిచే కాలంలో ఆ దారిన పోయేవాళ్ళు రాయి పక్కన ఒక్కసారి కూర్చుంటారు. కూర్చుని, ముందు దారి వింటారు. ఆ తర్వాతే లేస్తారు. పాలమెట్ట పట్నమయ్యాక వలిసె పూల కాలంలో బూట్లేసుకుని, చేతికర్రలు పట్టుకుని, కొండలు నడవడానికి ఎక్కడెక్కడి నుంచో మనుషులు వస్తున్నారు. వాళ్ళని తీసుకెళ్ళే మా పిల్లలు ఆ మలుపు దగ్గర ఆగి, జమిని దగ్గర కూర్చోండి బాబూ అంటారు. తొందరలో ఉన్నవాళ్ళు కూడా కూర్చుంటారు. మా రెండు ఊళ్ళలో పసిపిల్లలకి మొదటి కొత్తన్నం అరచేతిలో పట్టేంత అడ్డాకు దొప్పలోనే పెడతారు. కడవల దగ్గర కొమ్మ జమిని అన్న పేరు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఆ వేళ జోడుబండ నుంచి బయల్దేరిన వాళ్ళలో ఒక్కరూ పోలేదు. పోయింది జమిని ఒక్కతే. ఆమె మనవరాలి ఏడుపు విన్నది. ముఖం చూడలేదు.